మా తమ్ముడు సినిమా కోర్సు చదువుతాడట!

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని, ఒళ్ళంతా దుమ్ముతో ఇంటికొచ్చి నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే మా బాబాయి వెనకాలే వచ్చి నిలబడ్డాడు. ఆ నిలబడ్డ తీరు చూసే అనుకున్నా, ఏదో పంచాయితీ ఉందని.

"ఏరా అబ్బాయ్, మావోడు ఇంజినీరింగు చదవడంట. సినిమా కోర్సంట. ఫిలిం అండ్ టెలివిజన్ ప్రొడక్షన్ అంట. ప్రొడక్షన్ అంటే డబ్బులెట్టేవోడు కదరా? మన దగ్గర ఎక్కడున్నాయి? నువ్వు చెప్తే ఇంటాడు, కాస్త చెప్పు."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆయన మొహం అలా ఉంది మరి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లో బీటెక్ చదివి హైదరాబాదులో ఉద్యోగం వెలగబెడుతున్న మొదటివాణ్ణి నేనే కాబట్టి, వెనకాల పిల్లలకి సుద్దులు చెప్పే డ్యూటీ కూడా నాకే పడింది. ఎంసెట్ కోచింగ్ ఎక్కడ, సీఎస్ఈ మంచిదా ఈసీఈ మంచిదా, ల్యాప్‌టాప్ ఎంతలో కొనాలి... ఇవన్నీ నన్నే అడుగుతారు. నేనూ తడుముకోకుండా చెప్పేస్తుంటాను. ఈసారి మాత్రం నోట్లోంచి మాట రాలేదు. "చూద్దాంలే బాబాయ్, ముందు వాణ్ణి మాట్లాడనీ" అన్నాను.

వాడు అమలాపురంలో ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మార్కులు బానే వస్తాయి, అదే వచ్చిన తంటా. మార్కులు రానివాడు సినిమా అంటే "పోనీలే, ఏదో ఒకటి" అనేవాళ్ళు. వీడికి మంచి ఇంజినీరింగ్ సీటు వస్తుంది. వచ్చే సీటు వదులుకుంటాడట. కోర్సు హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీలో, నాలుగేళ్ళు, ఏడాదికి నాలుగు లక్షల పైచిలుకు. హాస్టలూ తిండీ వేరే. ఫీజు రీయింబర్స్‌మెంటు ఉండదని వాళ్ళే చెప్పారట. మొత్తం కలిపితే ఇరవై లక్షలు దాటుతుంది. బాబాయికి ఉన్నది మూడెకరాల కొబ్బరి. అంబాజీపేట మార్కెట్‌లో వెయ్యి కాయల ధర ఓ ఏడు ఆకాశంలో, మరో ఏడు పాతాళంలో ఉంటుంది. దింపు కూలీ మాత్రం ఎప్పుడూ పైకే. అంటే తోటలో ఒక చెక్క అమ్మాల్సిందే. అమ్మనని ఆయన అనలేదు, అదీ గమనించాలి. "అమ్మితే అమ్ముదాం గానీ, అమ్మి ఏం కొంటున్నామో చెప్పేవోడు ఒకడుండాలి కదరా" అన్నాడు.

ఈ ఒక్క మాట నన్ను నెలరోజులు వదల్లేదు. ఎందుకంటే నేను ఇంజినీరింగులో చేరినప్పుడు ఈ ప్రశ్న ఎవ్వరూ అడగలేదు. 2015లో ఎంసెట్ రాశాను, ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌లో ఏదో కాలేజీ వచ్చింది, చేరాను. అంతే. (కాలేజీ పేరు చెప్పను, అక్కడ నా జూనియర్లు ఇంకా ఉన్నారు.) ల్యాబులో ముప్ఫై కంప్యూటర్లుంటే పది పనిచేసేవి. మైక్రోప్రాసెసర్ కిట్టు ఒక్కదాని చుట్టూ పన్నెండు మందిమి నిలబడేవాళ్ళం, ముందు నిలబడ్డ ఇద్దరు చేసేవాళ్ళు, మిగతా పదిమందిమి రికార్డులో దించుకునేవాళ్ళం. ఫైనలియర్ ప్రాజెక్టు నలుగురం డబ్బులేసుకుని అమీర్‌పేటలో కొన్నాం. వైవా రోజు పొద్దున దాని పేరు బట్టీ పట్టాం. చదివింది ఈసీఈ, తర్వాత మళ్ళీ అదే అమీర్‌పేటలో జావా నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇది చదువుతున్నవాళ్ళలో సగంమందికి ఇదే కథ అయ్యుంటుంది, కాదంటే చెప్పండి.

2007-08 నుంచీ ఫీజు రీయింబర్స్‌మెంటు పుణ్యమా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడొందల దాకా పుట్టుకొచ్చాయి కదా. వాటిలో పిల్లల్ని చేర్చేటప్పుడు ఏ తండ్రైనా "ల్యాబు చూపించండి" అన్నాడా? "పోయినేడు బయటికెళ్ళినవాళ్ళు ఎక్కడున్నారో చెప్పండి" అన్నాడా? అనలేదు. బీటెక్ అంటే చాలు. అదే కుర్రాడు సినిమా అనేసరికి మాత్రం ఇంటిల్లిపాదీ ఆడిటర్లయిపోతారు. గ్యారంటీ ఏంటి, ఉద్యోగం ఎక్కడ, జీతం ఎంత, పెళ్ళి సంబంధం ఎలా అని. ఆ ప్రశ్నలు తప్పని నేనట్లేదు. బంగారంలాంటి ప్రశ్నలవి. కాకపోతే ఒక చదువుకే ఎందుకు దాచిపెట్టామన్నదే నా గొడవ. ఇంజినీరింగుకి కూడా అవే అడిగుంటే నా నాలుగేళ్ళు ఇంకోలా ఉండేవేమో.

సరే, నా ఏడుపు పక్కన పెట్టి అసలు విషయానికొస్తా. ఆ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని, ఫిబ్రవరిలో ఓ శనివారం ఆ కాలేజీకి నేనే వెళ్ళాను. రిసెప్షన్ అద్భుతం. గోడనిండా పెద్ద పెద్ద డైరెక్టర్ల ఫోటోలు. దగ్గరకెళ్ళి చూస్తే వాళ్ళెవరూ అక్కడ చదివినవాళ్ళు కాదు, ఏదో ఫంక్షన్‌కి ముఖ్య అతిథులుగా వచ్చినవాళ్ళు! అడ్మిషన్ల అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, కాఫీ ఇచ్చింది. నేను కెమెరాలెన్ని అన్నాను. "సరిపడా ఉన్నాయి సర్" అంది. ఎన్ని అన్నాను మళ్ళీ. అరవైమంది బ్యాచ్‌కి రెండు మంచివి, నాలుగు మామూలువి. ఎడిటింగ్ ల్యాబ్ రాత్రుళ్ళు తెరిచి ఉంటుందా అంటే, సాయంత్రం అయిదున్నరకి తాళం వేస్తారట. అయిదున్నరకి మూసే ఎడిటింగ్ ల్యాబు! రిలీజు ముందు రోజు అయిదున్నరకి ఇంటికెళ్ళిన డెవలపర్ ఉన్నాడా మనలో? పాఠాలు చెప్పేవాళ్ళలో రోజూ వచ్చేవాళ్ళెంతమంది, ఏడాదికోసారి వచ్చి సెల్ఫీ దిగి వెళ్ళేవాళ్ళెంతమంది అని అడిగితే బ్రోచర్ చేతిలో పెట్టింది. ఒక్కో విద్యార్థి బయటికొచ్చేలోపు సొంతంగా ఎన్ని సినిమాలు తీస్తాడు అన్నదానికి మాత్రం సూటిగా జవాబొచ్చింది: గ్రూపుకి ఒకటి. గ్రూపంటే పదిహేను మంది. నాకు నా మైక్రోప్రాసెసర్ కిట్టు గుర్తొచ్చింది.

బయట టీ కొట్టు దగ్గర అక్కడే మూడో సంవత్సరం చదువుతున్న కుర్రాడు కలిశాడు. లోపల గంటన్నరలో తెలియంది వాడు పది నిమిషాల్లో చెప్పాడు. "పాఠాలు యూట్యూబ్‌లో కూడా ఉన్నాయన్నా. ఇక్కడ దొరికేది క్లాస్‌మేట్లు. నా రూమ్మేట్ వాళ్ళ మావయ్య లైట్స్ అద్దెకిస్తాడు, అలా రెండు వెబ్ సిరీస్‌లకి పనిచేశా" అన్నాడు. ఫీజు దండగా అంటే కాసేపు ఆలోచించి, "మా నాన్నకి సినిమావాళ్ళెవరూ తెలీదు కదన్నా" అన్నాడు. ఇది చిన్న మాట కాదు. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఈలోపు ఇంట్లో పెద్ద యుద్ధం నడుస్తోంది, అదీ ఒకే మనిషి పేరు మీద. మా రాజోలు పక్కనే మట్టపర్రు ఉంది, డైరెక్టర్ సుకుమార్ సొంతూరు. మావాడి వాదన: "మన పక్కూరాయన అంత పెద్ద డైరెక్టర్ అయ్యాడు, నేనెందుకవ్వకూడదు?" బాబాయి వాదన: "ఆయన కాకినాడలో లెక్కల మాస్టారుగా పనిచేసుకుని, ఆ తరవాతే సినిమాల్లోకెళ్ళాడు. నువ్వూ ముందు ఉద్యోగం చెయ్యి." ఇద్దరి నోటా ఒకే పేరు! నిజానికి ఆయన కథ ఇద్దరికీ పనికిరాదు. ఆయన ఏ సినిమా కోర్సూ చదవలేదు. వినాయక్ దగ్గర 2003లో "దిల్"కి పనిచేసి, 2004లో "ఆర్య" తీశాడు. అంటే ఆయన బడి శిష్యరికం. ఆ తర్వాత తమాషా చూడండి: కాకినాడలో ఆయన దగ్గర లెక్కలు చెప్పించుకున్న పిఠాపురం కుర్రాడు బుచ్చిబాబు సానా ఆయన దగ్గరే అసిస్టెంటుగా చేరి, 2021లో "ఉప్పెన" తీశాడు. మొత్తం తూర్పుగోదావరిలో ఫిలిం స్కూలంటూ లేదు గానీ ఒక లెక్కల క్లాసు ఫిలిం స్కూలయి కూర్చుంది.

తెలుగు సినిమాకి మొదట్నుంచీ ఇదే పద్ధతి. విశ్వనాథ్ గారు బీఎస్సీ చదివి మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో చేరారు. రాజమౌళి కోటగిరి వెంకటేశ్వరరావు గారి దగ్గర ఎడిటింగ్‌లో కుదురుకుని, టీవీ సీరియల్ తీసి, సినిమాకొచ్చాడు. కోర్సు చదివినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. "మగధీర", "బాహుబలి" కెమెరామాన్ సెంథిల్ కుమార్ పూణే ఫిలిం ఇన్‌స్టిట్యూట్ విద్యార్థి. శేఖర్ కమ్ముల అయితే అచ్చంగా మన కులమే: సీబీఐటీలో ఇంజినీరింగు, అమెరికాలో ఎమ్మెస్, ఐటీ ఉద్యోగం, ఆ తర్వాత వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీలో సినిమాలో ఎంఎఫ్ఏ, 2000లో "డాలర్ డ్రీమ్స్". నాగ్ అశ్విన్ మణిపాల్‌లో జర్నలిజం చదివి న్యూయార్క్ వెళ్ళి డైరెక్షన్ కోర్సు చేశాడు. విదేశాల్లో కోర్సు చదవాలంటే చేతిలో ఉద్యోగమో వెనకాల ఆసరానో ఉండాలి, శిష్యరికం దొరకాలంటే తెలిసినవాళ్ళుండాలి. రెండూ లేని కొబ్బరితోట రైతు కొడుకు ఎటు పోవాలి? టీ కొట్టు కుర్రాడి మాటకి విలువ ఇక్కడే. యూనివర్సిటీ కోర్సనేది అలాంటివాడికి తలుపు. పాఠాల కోసం కాకపోయినా తలుపు కోసం అవసరం.

అసలు మా కోనసీమకి సినిమాతో ఉన్న సంబంధమే ఒక రకంగా ఉంటుంది. 1936 నాటికే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టారు. ఆ తర్వాత మద్రాసు, ఆ తర్వాత హైదరాబాదు. మాకు మిగిలింది లొకేషన్ అనిపించుకోవడం. కొబ్బరిచెట్లు, కాలవ, పడవ, పెంకుటిల్లు. యూనిట్ వాళ్ళొస్తారు, నెల్లాళ్ళు తీసుకుంటారు, వెళ్ళిపోతారు. మా ఊళ్ళో కుర్రాళ్ళకి దక్కే పని జనాల్లో నిలబడటం, లేదంటే ప్రొడక్షన్ వాళ్ళకి కేరియర్లు మొయ్యడం. "ప్రొడక్షన్" అంటే మా బాబాయికి డబ్బులు పెట్టడం, షూటింగులో అయితే టీలు, టిఫిన్లు అందించడం, యూనివర్సిటీలో ఏమో కథ దగ్గర్నుంచి కెమెరా, సౌండు, ఎడిటింగ్ దాకా అన్నీ కలిపిన కోర్సు పేరు. ఒక్క మాటకి మూడు అర్థాలు పెట్టుకుని ముగ్గురం కొట్టుకుంటున్నాం.

మరి మంచి తలుపు ఏది? నేను వెతికినంతలో తేలింది ఇదీ. పూణేలో ఎఫ్‌టీఐఐ 1960లో పాత ప్రభాత్ స్టూడియోలో మొదలైంది. కలకత్తాలో సత్యజిత్ రాయ్ ఇన్‌స్టిట్యూట్ 1995లో వచ్చింది. రెండూ కేంద్ర ప్రభుత్వానివి, రెంటికీ 2025లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా కూడా వచ్చింది. డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్, సౌండు దేనికది విడిగా, ఒక్కోదాంట్లో కొద్దిమందే. ఫీజు మా ప్రైవేటు కాలేజీతో పోలిస్తే తక్కువే. ఎంట్రన్స్ రాయాలి, ఇంటర్వ్యూ ఉంటుంది. కానీ అసలు మెలిక ఏంటంటే, ఈ మూడేళ్ళ కోర్సులకి ముందు ఏదో ఒక డిగ్రీ ఉండాలి. ఇంటర్ కుర్రాడికి తలుపు తెరుచుకోదు. సౌండుకైతే ఇంటర్‌లో ఫిజిక్స్ కూడా ఉండాలి. (మా ఎంపీసీ వాడికి ఆ బెంగ లేదు.) ఇంటర్ అవ్వగానే నేరుగా కావాలంటే చెన్నై తరమణిలో ఎంజీఆర్ ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్‌లో నాలుగేళ్ళ డిగ్రీ ఉంది గానీ అది తమిళనాడు ప్రభుత్వానిది, మనవాళ్ళకి అంత సులువు కాదు. హైదరాబాదులో జేఎన్‌టీయూ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి 2008లో విడిగా వచ్చిన యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ, యానిమేషన్ లాంటివి ఉన్నాయి. 2011లో అక్కినేని వాళ్ళు అన్నపూర్ణలో స్కూలు పెట్టారు. ఇక మిగతావి చాలానే ఉన్నాయి, వాటిలో మంచివీ ఉండే ఉంటాయి. వెళ్ళి ల్యాబు తాళం ఎన్నింటికి వేస్తారో అడగండి చాలు.

ప్రభుత్వ సంస్థంటే స్వర్గమనుకునేరు. నేను బీటెక్‌లో చేరిన ఆ 2015లోనే పూణేలో విద్యార్థులు 139 రోజులు సమ్మె చేశారు. 2008లో చేరిన బ్యాచ్ వాళ్ళ డిప్లొమా సినిమాలు అప్పటికి కూడా పూర్తికాలేదు! మూడేళ్ళ కోర్సు ఏడేళ్ళు. పోలీసులొచ్చారు, కేసులు పెట్టారు. ఆ సమ్మెలో కేసులు పడ్డవాళ్ళలో ఒకమ్మాయి పాయల్ కపాడియా. 2024లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ ఎత్తుకొచ్చింది. దీన్నుంచి ఏ నీతి తీసుకోవాలో నాకైతే తెలీదు. బాబాయికి ఈ కథ చెప్తే "ఏడేళ్ళా!" అన్నాడు, అవార్డు సంగతి చెవికెక్కలేదు.

చదువయ్యాక ఏంటన్నది ఇంకో కథ. క్యాంపస్ ప్లేస్‌మెంట్లంటూ ఉండవు. షూటింగులో పనిచెయ్యాలంటే ఆ క్రాఫ్టు యూనియన్ కార్డు ఉండాలి. 2025 ఆగస్టులో తెలుగు ఫిలిం ఫెడరేషన్ వాళ్ళు వేతనాలు 30 శాతం పెంచమని సమ్మె చేస్తే రెండు వారాలకి పైగా షూటింగులు ఆగిపోయాయి. మనం టీవీలో చూసే సినిమాకీ, రోజుకూలీ లెక్కన నడిచే సినిమాకీ చాలా దూరం. అలాగని మన ఉద్యోగాలేమైనా శాశ్వతమా అంటే, లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజున మా టీములో ఆరేళ్ళ సీనియర్ మొహం చూశాను. ఏఐ వచ్చి ఎవరి పని ముందు తినేస్తుందో, కోడు రాసేవాడిదా, ఎడిటింగ్ చేసేవాడిదా, నేను పందెం కాయను.

ఇంత తిరిగాక మార్చిలో, వాడి పరీక్షలయ్యాక ఊరెళ్ళి కూర్చోబెట్టాను. "డైరెక్షన్ ఎందుకురా?" అన్నాను. సరిగ్గా చెప్పలేకపోయాడు. "డైరెక్టరే కదన్నయ్యా అంతా చేసేది" అన్నాడు. సరే, ఇప్పటిదాకా నువ్వేం చేశావో చూపించు అన్నాను. సిగ్గుపడుతూ నన్ను అమలాపురంలో ఒక ఫోటో స్టూడియోకి తీసుకెళ్ళాడు. రెండేళ్ళుగా సెలవులకి అక్కడ పెళ్ళి వీడియోలకి సాయం వెళుతున్నాడట! ఇంట్లో తెలీదు. ఆ స్టూడియో ఆయన పాత కాలం మనిషి, ఎడిటింగ్‌ని ఇప్పటికీ "మిక్సింగ్" అనే అంటాడు.

"ఆయ్, కెమెరా ఎవడైనా పట్టుకుంటాడండి. పద్నాలుగు గంటల ఫుటేజీ ఇస్తే, పెళ్ళికూతురి మేనమావ మొహం చూసి ఎక్కడ కొయ్యాలో కుర్రోడికి తెలుస్తాదండి. మొన్నో పెళ్ళిలో అప్పగింతలు పాట లేకుండా వదిలేశాడు. ఇదేంట్రా అన్నాను. ఆళ్ళ నాయనమ్మ ఊపిరి ఇనపడుతుంది, పాటేస్తే పోద్ది అన్నాడండి. ఆ పార్టీ వోళ్ళు చూసి ఏడ్చారు" అన్నాడు.

ఆ ముక్క చూశాను. నిజంగానే పాట లేదు. అప్పటిదాకా వాడికి సినిమా పిచ్చి అనుకున్నాను, వాడికి పని వచ్చని ఆ రోజు తెలిసింది. డైరెక్షన్ అన్నది వాడికి తెలిసిన ఒకే ఒక్క మాట, అంతే. నేను ఎనిమిదో తరగతిలో "కంప్యూటర్ ఇంజినీర్నవుతా" అన్నట్టే. నేను అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే అయ్యుండేది. ఏం చదువుతావు అని కాకుండా, ఎవరూ అడక్కపోయినా ఏం చేస్తున్నావు అని. (నన్నెవరైనా అడిగుంటే నోట్‌బుక్కుల వెనక పేజీల నిండా గీసిన బొమ్మలు చూపించేవాణ్ణి. సరే, వదిలేద్దాం.)

నా అభిప్రాయం వాడికీ బాబాయికీ ఒకేచోట కూర్చోబెట్టి చెప్పాను. ఆ ప్రైవేటు కాలేజీ వద్దు. ఇరవై లక్షలు పోసి గ్రూపుకో సినిమా తీసేకంటే, ఇక్కడే అమలాపురంలోనో కాకినాడలోనో తక్కువ ఫీజుతో ఓ డిగ్రీ చెయ్యి. స్టూడియోకి దొంగచాటుగా కాకుండా దర్జాగా వెళ్ళు, జీతం తీసుకో. మూడేళ్ళలో నువ్వే కట్ చేసినవి ముప్ఫై చేతిలో ఉంటాయి. అప్పుడు పూణే, కలకత్తా ఎంట్రన్స్ రాయి. ఎడిటింగ్‌కి రాయి.

గొప్ప సలహా ఇచ్చాననుకుని టీ తాగుతున్నా. వాడు తల దించుకునే అన్నాడు: "నీకూ ఇలాగే చెప్పారంట కదన్నయ్యా. బీటెక్ అయ్యాక బొమ్మల సంగతి చూద్దాం అని. పెద్దమ్మ చెప్పింది."

వాడు పెద్దమ్మ అన్నది మా అమ్మని.

ఏం చెప్పను? నిజమే. మా ఇళ్ళల్లో "అయ్యాక చూద్దాం" అంటే అర్థం అందరికీ తెలుసు. డిగ్రీ అయ్యాక బ్యాంకు కోచింగ్ అంటారు, అదయ్యాక చెల్లి పెళ్ళి అంటారు. నేను చెప్పింది లెక్క ప్రకారం సరైన సలహానే, కానీ అదే సలహాతో నా బొమ్మలు అటకెక్కాయి. అందుకని ఆ పూటే సలహా మార్చాను. "బాబాయ్, కాలేజీకి కడదామనుకున్న మొదటి ఏడాది ఫీజు ఉంది చూడు, నాలుగు లక్షలు, అది వాడి పేరు మీద బ్యాంకులో వెయ్యి. మూడేళ్ళకి. పూణేలో సీటొస్తే అది ఫీజు. రాకపోతే కంప్యూటరూ గదీ తీసుకుని హైదరాబాదులో ఎవరి దగ్గరైనా అసిస్టెంటుగా చేరడానికి. పెళ్ళికీ, ఇంటి స్లాబుకీ ఆ డబ్బు ముట్టుకోకూడదు. తోట అమ్మక్కర్లేదు."

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. దింపు వాళ్ళొస్తే లేచి వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నట్టో కాదో తెలీలేదు. మా తమ్ముడు మాత్రం ఎప్‌సెట్ హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకున్నాడు. "రాయమన్నారుగా, రాస్తాను" అన్నాడు. ర్యాంకు బాగా వస్తే ఇంట్లో గాలి ఎటు తిరుగుతుందో నాకు తెలుసు, అదే నా భయం.

మొన్న ఆదివారం బాబాయి ఫోన్ చేశాడు. ధరలూ ఎండలూ అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు అడిగాడు: "అవున్రా, ఆ పాట లేకుండా వదిలేసిన పెళ్ళి వీడియో అంట... అది నాకు వాట్సాప్‌లో వస్తాదా?"

పంపించాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా ఏమీ అనలేదు.